కొరడా పట్టినవాడి తలపాగా

దారి చూపేవాడూ, ఆ దారిలో కిటికీ పక్క సీటు కూడా దయచేసేవాడూ అయిన దేవునికి ముందుగా స్తోత్రం.

గుడ్ ఫ్రైడేకు మా చిత్తూరు మందిరంలో వేదిక వెనక కట్టడానికి కలంకారీ తెర కావాలని, సంఘం నన్ను శ్రీకాళహస్తి పంపింది. అంచు కుట్టేది మందిరం పక్కనున్న టైలరు మస్తాన్ కాబట్టి అతన్నీ వెంటబెట్టుకున్నాను. ఏటా ఆ శుక్రవారం అతను నమాజు ముగించుకొని వచ్చి, మా ఆరాధనలో మిగిలిన సగం వెనక వరుసలో కూర్చుని వింటాడు.

ఆరింటి బస్సు ఎక్కాం. మాదిరికి తీసుకున్నది ఎప్పుడో దొరలు వదిలిపోయిన పాత ఐరోపా చిత్రం నకలు. ప్రభువును కొరడాతో కొడుతున్న దృశ్యం. పూతలపట్టు దాటాక మస్తాన్ దాన్ని విప్పి చూశాడు.

"అన్నా, ఈ కొరడా పట్టుకున్నాయన అచ్చం మా మేనమామే. తలపాగా, గడ్డం, నడుముకు వంకర కత్తి. మా మామ పెండ్లి ఫోటో వీళ్లకు యాడ దొరికిందో."

వెనక సీటువాళ్లు నవ్వారు. అతనూ నవ్వి, బొమ్మ చుట్టేస్తూ అన్నాడు. "ఇది కడితే ఈసారి నేను రానులే అన్నా. పిల్లోళ్లంతా నా తట్టే తిరిగి సూస్తారు."

నాకు నవ్వు రాలేదు. ప్రభువును కొట్టింది రోమా సైనికులు. ఇస్లాం వచ్చింది ఆ తర్వాత ఆరువందల ఏళ్లకు. అయితే ఆ బొమ్మలు వేసిన కాలంలో ఐరోపాకు టర్కీ సుల్తాను సైన్యమంటే హడలు. దుర్మార్గుడు కావలసినప్పుడల్లా చిత్రకారులు ఓ తలపాగా చుట్టేశారు. తరతరాలుగా చర్చిగోడల మీద వాటినే చూసిన జనం, తలపాగా కనబడితే చాలు దుర్మార్గుడే అనుకోసాగారు.

తిరుపతిలో కారం దోసె తిని కాళహస్తి బస్సు ఎక్కాం. కొండ దిగివచ్చిన యాత్రికులే బస్సు నిండా. ఎటు చూసినా గంధం పూసిన గుండ్లు. ఆ గుండ్లలో ఒకాయన జరిగి మాకు చోటిచ్చాడు.

కలంకారీ వేసే ఈశ్వరమ్మగారితో, తలపాగా తీసేయమన్నాను. ఆమె బొగ్గుతో బోడితల గీసింది.

"వద్దక్కా," అన్నాడు మస్తాన్. "పొద్దున బస్సులో మాకు సీటిచ్చినాయన మాదిరి ఉండాడు."

ఇనప టోపీ పెట్టమన్నాను. ట్రాఫిక్ పోలీసు తేలాడు. టోపీ తీసి మీసం పెంచితే, ఆమె కాసేపు చూసి, "ఈయన మా నాయన," అని తానే చెరిపేసింది.

"మొగమంటూ ఏస్తే ఎవరో ఒకరి మాదిరి ఉంటాది గదా అయ్యా. ఎవుర్ని ఏసేది?"

ప్రభువును కొట్టింది మన పాపాలేనని ఏటా వేదికెక్కి చెప్పేది నేనే. ఇక దారి దొరికింది.

"నన్నే వేయండమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కండ్లద్దాలు గూడానా?"

"వద్దు."

"ఏసేయక్కా," అన్నాడు మస్తాన్. "అద్దాలు లేకుంటే కొరడా యాడ పడతాదో అన్నకు తెలీదు."

తిరుగు బస్సులో అతను నా భుజం మీదికి ఒరుగుతూ, "ఈసారి అందరూ నీ తట్టే సూస్తారులే అన్నా. నేను ఎనకాల నిమ్మళంగా కూర్చుంటా," అని కళ్లు మూసుకున్నాడు. భుజం లాగుతున్నా చిత్తూరుదాకా నేను కదల్లేదు.

చదివినవారు నాతోపాటు ప్రార్థించండి. ప్రభువా, మా చేతిలోని కొరడాను పక్కవాడి చేతిలో చూడకుండా మమ్మల్ని కాపాడు. వీలైతే, ఆ కళ్లద్దాలు మా ఆవిడ గుర్తుపట్టకుండా చూడు. ఆమేన్.