రోజు అనే మాటకు చుట్టాలు

కెనడాలోని నార్త్ యార్క్‌లో మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయిన మంగళవారం కన్నుమూశారు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు ఉర్దూ పాఠాలు చెప్పిన తెలుగాయన. ఇక్కడ శనివారాలు మా బిల్డింగ్ పార్టీ రూమ్‌లో పిల్లలకు తెలుగు నేర్పేవారు. నేను సాయానికి వెళ్లేదాన్ని.

మాది నిజామాబాద్ వైపు. ఒక పండగ సభలో నేను మాట్లాడి దిగగానే ఎవరో, "మీ తెలుగులో సగం ఉర్దూయేనండీ" అని నవ్వారు. ఆ తర్వాత మళ్లీ మైకు పట్టలేదు. అంతటితో ఊరుకున్నానా, పిల్లల పుస్తకాల్లో "రోజు" కనబడిన చోటల్లా కొట్టేసి "దినము" అని దిద్దాను.

అంకుల్ కోప్పడలేదు. ఆయనకొక పద్ధతి ఉండేది: మాట గురించి నిఘంటువు కన్నా ముందు మనుషుల్ని అడగాలి, వాళ్లు పెట్టింది తిని రావాలి.

"దినం గూడ సంస్కృతం నుంచి వచ్చిందే గద బిడ్డా. దానికి కుర్చీ ఏసి దీన్ని ఎల్లగొడితే ఎట్ల? పోయి దీని చుట్టాల్ని అడిగి రా."

ఒళ్లు మండుతున్నా వెళ్లాను. తొమ్మిదో అంతస్తు ఇరానీ ఆంటీ "రూజ్" అని చెప్పి ఖర్జూరాలు పెట్టింది. లాబీలో సెక్యూరిటీ పని చేసే లాహోర్ ఆయన "రోజ్" అన్నాడు, తన ఫ్లాస్కులో చాయ్ పోశాడు. కింద సెలూన్ నడిపే కుర్దు పెద్దాయన కత్తెర పక్కన పెట్టి బయటి ఎండను చూపించాడు. వాళ్ల భాషలో పగలూ రోజే, సూర్యుడూ రోజేనట. చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడితే చేతులు వాచేలా కొట్టేవారట. "అయినా వదల్లేదు" అన్నాడు వచ్చీరాని ఇంగ్లిష్‌లో.

తిరిగొచ్చాక అంకుల్ మిగతా కథ చెప్పారు. ఇరాన్ వైపు పాత భాషల్లో వెలుగు అన్న మాట నుంచే ఫార్సీ వాళ్లదీ, కుర్దులదీ పుట్టాయట. ఫార్సీ నుంచి ఉర్దూకు, అక్కడి నుంచి మనకు వచ్చింది.

"అంత దూరం నడిచొచ్చిన మాట మీ ఇంట్ల ఉన్నది. సిగ్గెందుకు?"

మరుసటి శనివారం నా దిద్దుబాట్లను పిల్లల ముందే కొట్టేశాను. "సో, విచ్ వన్ ఈజ్ రైట్ ఆంటీ?" అందొక పిల్ల. రెండూ మనవే అన్నాను.

మొన్న ఆదివారం అదే గదిలో సంతాప సభ జరిగింది. మైకు నేనే అడిగి తీసుకున్నాను. "మా అంకుల్ రోజు పొద్దుగాల లేసి..." అంటూ మా ఇంటి తెలుగులోనే మాట్లాడాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆగేదాన్ని కాదు. ఆయన దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వం.

సభ అయ్యాక, అక్కడికొచ్చిన కుర్దు పెద్దాయన "రోజు"ను తెలుగులో ఎలా రాస్తారని అడిగితే కాగితం మీద రాసిచ్చాను. నిన్న మధ్యాహ్నం సెలూన్ ముందు నుంచి వెళ్తూ చూశాను. అద్దం తలుపు మీద తన భాషలోని మాట రాసుకుని, దాని కింద నీలం మార్కర్‌తో వంకరటింకరగా మన "రోజు" రాశాడు. ఎండకు ఆ అక్షరాల నీడ లోపల నేల మీద, కత్తిరించిన జుట్టు మీద పడుతోంది.