రెండూ కుడి చేతులే

కుట్టు మిషను ముందు కూర్చుంటే వదినకి లోకంతో పనిలేదు. దుకాణంలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వదినే. అలాంటి మనిషిని మిషను మీంచి లేపి, మూల స్టూలు మీద గుండీలు దూరే కాజాలు కుట్టుకోమన్నారు. ఎందుకంటారా? కటింగ్ మాస్టారు ఓ కోటుకి రెండూ కుడి చేతులే కోసిపెట్టి, యజమాని నిలదీసేసరికి, "నేను సరిగ్గానే కోశాను, ఈవిడే తిరగేసి కుట్టింది" అని నిలువునా అబద్ధమాడాడు. ఎంత గుండెలు తీసిన బంటో చూడండి!

"నా తప్పు కాదండీ" అంది వదిన. యజమాని నమ్మలేదు. ఏడుపు ముంచుకొచ్చినా ఆవిడ ఏడవలేదు.

అప్పట్నుంచి కాజాకో ప్రార్థన. "ప్రభువా, మాస్టారిని దీవించు. నాకు మనసు రావట్లేదు, అయినా దీవించు."

పక్కన గుండీలు కుట్టే పెద్దావిడ, అందరూ అత్తా అని పిలిచే ఆవిడ, బుగ్గలు నొక్కుకుంది. "పిచ్చా నీకు? వాడి చెయ్యి పడిపోవాలని కోరుకో!"

"అదీ కోరుకున్నాను అత్తా. నాకే నిద్ర పట్టలేదు. ఆయన నా మిషను లాక్కున్నాడు, చాలు. మనసు కూడా లాక్కోనివ్వను."

ఇలా ఉండగా ఒక పెళ్ళికొడుకు కోటు వచ్చింది. చేతి అంచుల కాజాలు ముందే కుట్టాలి కాబట్టి, కోసిన చేతులు వదిన ఒళ్ళోకి వచ్చాయి. పరిచి చూసింది. మళ్ళీ రెండూ కుడివే!

అత్త మోచేత్తో పొడిచింది. "నోరు మూసుకో. రేపు వాడి బండారం బయటపడుతుంది, నీ మిషను నీకొస్తుంది."

నిజమే. వదినకి ఆశ పుట్టింది. అయినా లేచి మాస్టారి దగ్గరికి వెళ్ళి, మెల్లగా చెప్పింది.

"మాస్టారూ, ఇవి రెండూ కుడివే. మిగిలిన గుడ్డ ముక్కలు తెండి, ఎడమ చెయ్యి కోసుకుందాం. గుడ్డ చాలని చోట చంక కింద అతుకు వేస్తే పైకి కనబడదు."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "యజమానికి చెప్తావా?"

"మీరే చెప్పాలి. నేను చాటింపు వెయ్యను. అడిగితే మాత్రం దాచను."

ఇద్దరూ తల వంచుకుని పనిచేశారు. సాయంత్రం యజమాని కోటు లోపలివైపు తిప్పి చూస్తూ, "ఈ అతుకేంటి?" అన్నాడు.

మాస్టారు కత్తెర కింద పెట్టాడు. "నేనే తప్పు కోశానండీ. అప్పటి కోటు కూడా నేనే. పాపం, వదిన తప్పేం లేదు."

దుకాణంలో మిషన్లన్నీ ఆగిపోయాయి. యజమాని నేల చూపులు చూస్తూ, "నీ మిషను దగ్గరికి వెళ్ళమ్మా" అన్నాడు.

"ఈ ఒక్క కాజా పూర్తి చేసి వెళ్తానండీ" అంది వదిన. మాస్టారి కోసం మొదలుపెట్టిన ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. ఈసారి దానికి మనసు కూడా వచ్చింది.