గోరుకు రాని బొమ్మ

మా అచ్చుగదిలో ఆమెను అందరూ బొమ్మలక్క అనేవారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పేకాట క్లబ్బుల్లో డబ్బుకు బదులు పందెం కాసే మట్టి బిళ్ళలు మేము చేసి పంపుతాం. ఆ బిళ్ళకు రెండు వైపులా నడిమధ్యన గుండ్రటి రంగు కాగితం ఉంటుంది చూడండి, దాన్నే మేము బొమ్మ అంటాం. అది పెట్టడమే ఆమె పని.

పని చెప్పడానికి తేలికే. అచ్చు గుంటలో ఒక బొమ్మను బోర్లా పెట్టాలి. దాని మీద మట్టి బిళ్ళ. ఆ పైన ఇంకో బొమ్మ, ఈసారి వెల్లకిలా. మూత దించితే వేడికీ ఒత్తిడికీ మూడూ ఒకటైపోతాయి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బిళ్ళ చెత్తబుట్టకే. తిరగేసి పెడితే ఇక చెప్పక్కర్లేదు, ముఖం మట్టిలోకి పోయి తెల్లటి వీపు పైకి తేలుతుంది. అంచులు చెక్కేవాణ్ణి కాబట్టి ప్రతి బిళ్ళా నా చేతి మీదుగానే పోయేది. ఇరవై రెండేళ్లలో ఆమె తిరగేసింది ఒక్కటి కూడా చూడలేదు. కొత్తవాళ్ళ ముందు బిళ్ళ పడేసి, "గీకండి చూద్దాం! నేను పెట్టిన బొమ్మ గోరుకు రాదు" అని గొప్పలు పోయేది. ఆ గొప్ప ఆమెకు తగిందే.

ఆ ఏడాది ఆమె కళ్ళకు పొర కమ్మింది. ఆసుపత్రివాళ్ళు ఆరు వారాల తర్వాత ఆపరేషన్ అన్నారు. ఆ ఆరు వారాలు ఎలాగో నెట్టుకొస్తే కుర్చీ నిలుస్తుంది. చూపు లేదని తెలిస్తే మేస్త్రీ ఆ పూటే లేపేస్తాడు, మా దగ్గర ఒకసారి పోయిన కుర్చీ తిరిగి రాదు. అందుకని ఆమె ప్రతి బొమ్మనూ కింది పెదవికి ఆనించేది. నున్నగా తగిలితే ముఖం, గరుకుగా తగిలితే వీపు. మిగతాది వేళ్ళకే తెలుసు.

ఈ సంగతి ఒక్క చెల్లెలికే చెప్పుకుంది. చెల్లెలు మా దగ్గరే బిళ్ళల అంచున గాట్లు కొట్టేది. పొద్దస్తమానం నిలబడి చేసే పని. అక్కది కూర్చుని చేసే పని. అంతకు మించిన కారణం నాకైతే కనబడలేదు. వెళ్ళి మేస్త్రీ చెవిలో ఊదింది.

ఆ మేస్త్రీకి పని నేర్పింది బొమ్మలక్కే. అయినా వాడికి మనిషిని తిన్నగా పంపడం చేతకాదు. మా దగ్గర ఎవరైనా పని మానేస్తే వాళ్ళ ఫొటో పెట్టి ఒక బిళ్ళ చేసి ఇస్తారు. వాడు ఆమె ఫొటోనే వెలిసిపోయినంత లేతరంగులో, రెండు వైపులా ఒకేలా గరుకుగా ఉండే కాగితం మీద వేయించి, పాతిక బిళ్ళలకు సరిపడా తెచ్చి ముందు పెట్టాడు.

"అక్కా, స్పెషల్ ఆర్డరు. నీ చెయ్యే పడాలి."

"బొమ్మ ఎవరిదిరా?"

"ఎవరో పెద్దమనిషిదిలే. జాగ్రత్త."

గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఒక్క మాట చెవిన వేయలేకపోయాను, సిగ్గులేనివాణ్ణి.

ఆమె బొమ్మను పెదవికి ఆనించింది. తిప్పి మళ్ళీ ఆనించింది. రెండు వైపులా గరుకే.

"చెల్లీ, ఓసారి ఇటు రావే."

"నాకు చేతినిండా పనుందక్కా."

ఇక గుడ్డిగా పెట్టుకుంటూ పోయింది. మూత ఎత్తినప్పుడల్లా గది ఘొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండు వైపులా తెల్లగా వచ్చిన బిళ్ళ ఒకటి ఏరి మేస్త్రీ ఆమె గుప్పిట్లో పెట్టాడు. "ఇది నీకే అక్కా. బొమ్మ నీదే. గుర్తుగా ఉంచుకో." మధ్యాహ్నానికల్లా ఆ కుర్చీలో చెల్లెలు కూర్చుంది.

ఆరు వారాలకు ఆపరేషన్ అయింది. చూపు చక్కగా వచ్చింది. ఒకరోజు ఆమె గేటు దగ్గర నన్ను ఆపి బిళ్ళ చూపించింది.

"ఇందులో నా బొమ్మ ఉందన్నాడు. ఏదిరా?"

"లోపలికి పోయిందక్కా. నువ్వే తిరగేసి పెట్టావు."

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని, బిళ్ళను వెలుగుకు తిప్పి పట్టుకుని గోరుతో గీకడం మొదలుపెట్టింది. గోరు విరిగింది. కాగితం రాలేదు.