అత్తమ్మ కొలిచిన నీడ

మొన్న అచ్చంపేట దాటినాక, అడవి అంచున లోయ చూసే జాగా దగ్గర కారు ఆపి, మనవడు ఎంతో ముద్దుగా, నాయనమ్మా నువ్వు కార్లోనే కూసో, నీకు మోకాళ్ల నొప్పులు, అక్కడ నీకు సమజయ్యేది గూడ ఏం లేదు అన్నాడు. మోకాళ్ల మాటకు నేనేమీ అనుకోలేదు గానీ, ఆ రెండో మాటకు మాత్రం ఒళ్లు మండింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మా అత్తమ్మ కూడా సరిగ్గా ఇదే మాట పడింది మరి.

ఆ చలికాలం మేమిద్దరం చిట్యాలలో యాత్ర బస్సెక్కి, కాశీ ప్రయాగ చూసుకుని జైపూర్ చేరాం. మా మర్రిగూడ ఫ్లోరైడు బోరునీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు వంకరపోయాయి, నడుము వంగిపోయింది. అయినా ఆ నడుముతోనే మేకలు కాసింది. చేతికి గడియారం ఎన్నడూ కట్టలేదు. ఎండలో నిలబడి, తన నీడ కొస ఎక్కడ పడిందో గురుతు పెట్టుకుని, అక్కడిదాకా అడుగు వెంట అడుగు పెట్టి కొలిచి, ఇంత పొద్దయిందని చెప్పేది. ఎండాకాలం లెక్క వేరు, చలికాలం లెక్క వేరు. నడుము వంగినకొద్దీ నీడ పొట్టిదవుతోందని ఆ లెక్కనూ సరిచేసుకుంటూ వచ్చింది. జైపూర్‌లో రాజులు పొద్దును కొలవడానికి కట్టించిన రాతి కట్టడాలున్నాయని నేను నోరుజారానో లేదో, ఇక ఆమె పానమంతా వాటి మీదే.

తీరా అక్కడికి చేరాక, యాత్ర నడిపించే పెద్దమనిషి, ముసలమ్మ బస్సులోనే ఉండనీ, ఆమెకేం సమజైతది అన్నాడు. అత్తమ్మ ఆయన ముఖమైనా చూడకుండా, కర్ర పట్టుకుని దిగింది.

లోపల ఆకాశానికి ఎక్కినట్టున్న పెద్ద రాతి మెట్ల దగ్గర గైడు హిందీలో చెబుతుంటే నేను ఆమెకు తెలుగులో చెబుతున్నాను: ఈ మెట్లు సరిగ్గా ఉత్తరానికి కట్టారట, పక్క గోడ మీది గీతల మీద నీడ పడితే పొద్దెంతయిందో తెలుస్తుందట. ఈలోగా ఆమె పక్కకు జరిగి తన అడుగులు వేసుకుని, రెండయింది అనేసింది. గీతల మీద నీడ చూస్తే పన్నెండే. మా బస్సువాళ్లందరూ పగలబడి నవ్వారు. పోదాం పా అత్తమ్మా అని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. మళ్లీ కొలిచింది, అవే ఆరున్నర అడుగులు. చాలాసేపు తన నీడనూ, ఆ మెట్లనూ మార్చి మార్చి చూసింది.

"రెండైతే నా నీడ తూర్పుకు జరగాలె. ఇది మెట్ల తీరుగ సక్కగ ఉత్తరానికే ఉన్నది. పన్నెండే. గని మనూర్ల గీ దినాలల్ల పన్నెండుకు నాలుగున్నర అడుగులే. నా అడుగు తప్పుగాదు పిల్లా, ఈడ పొద్దే కిందికి దిగున్నది. మనం ఉత్తరానికి శానా దూరమొచ్చినం, గందుకే."

ఈ ముక్క గైడుకు హిందీలో చెప్పాను. అతడు ఆమె వైపు తిరిగి, ఊరు మారితే పొద్దు ఎత్తు మారుతుందని, ఇవి కట్టిన పండితులు కొలిచింది కూడా అదేనని, అందరికీ వినబడేటట్టు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మ బస్సు మెట్టు మీద ఆగి, ఆ పెద్దమనిషితో మెల్లగా, "సమజైంది బిడ్డా" అని పోయి కూర్చుంది.

ఆమె పోయి ఏడేళ్లు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ టైము చెప్పే ఫోన్లున్నాయి, దాంతో ఎండలోకి పోయి చూసే పనే లేకుండా పోయింది. నేర్చుకో పిల్లా అని ఆమె ఎన్నిసార్లు పిలిచిందో. గడియారం ఉండగా ఈ అడుగుల గోలెందుకని నేనే నవ్వేదాన్ని. ఆ రోజు బస్సువాళ్లు నవ్వారని కోపం తెచ్చుకున్నాను గానీ, ఇంట్లో ముందు నవ్వింది నేనే.

మొన్న మనవడు ఆ మాట అనగానే కారు తలుపు తీసుకుని దిగాను. లోయ అంచున ఎండలో నిలబడి నా నీడ కొలిచాను. ఏడడుగులు. ఎంత పొద్దయిందో చెప్పడం నాకు రాలేదు. అయినా ఇంకోసారి కొలిచాను.