పెనం దగ్గర మెర్సో

ఆదివారం పొద్దున్నుంచి ఉమామహేష్ ఒక చోట కూర్చోలేదు. చోడవరం బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులూ అరిగిపోయేలా తిరిగాడు. వంటగదిలోకి వెళ్లి ధనియాల డబ్బా మూత తీసి వాసన చూశాడు. నిమ్మకాయ తొక్క గిల్లి, ఆ వేలు ముక్కు దగ్గరే ఉంచుకుని కిటికీలోంచి ఎటో చూశాడు.

"ఏటండీ, నెల తప్పినోళ్లలాగ అన్నీ వాసన సూస్తన్నారు?" అంది భార్య ఇందు.

"రేపు పరీక్ష."

"ముప్పై నాలుగేళ్లకి పరీచ్చలేటి? పుస్తకం తియ్యండి మరి!"

"పుస్తకంలో వాసనుండదే."

విశాఖ బీచి రోడ్డు మీది ఒక హోటల్లో తొమ్మిదేళ్లుగా అతను పళ్లేలు మోస్తున్నాడు. మొన్న వేసవిలో హోటల్‌వాళ్లు ఫ్రాన్స్ నుంచి బర్గండీ తెల్ల వైన్లు తెప్పించారు. వాటి సంగతి చెప్పి పోసే మనిషి ఒకడు కావాలన్నారు. నేర్పడానికి హైదరాబాదు నుంచి రేవతి మేడమ్ వచ్చింది. మొదటిరోజు ఆవిడ పోసిన షాబ్లీ అనే వైను నాలుక మీద పడగానే ఉమామహేష్ బిత్తరపోయాడు. చిన్నప్పుడు బళ్లో పలక నాకితే వచ్చే రుచి అది. సముద్రాలు దాటి వచ్చిన సీసాలోకి తన రెండో తరగతి పలక ఎలా దూరిందో అర్థం కాలేదు. ఆ రోజు నుంచి అతనిలో ఏదో కుదురు తప్పింది. పళ్లేలను చేతులు మోసేవి, మనసు మాత్రం గ్లాసుల చుట్టూ తిరిగేది.

దసరా వెళ్లాక పరీక్ష పెట్టారు. ఒకే ఊరి వైను, మెర్సో, రెండు గ్లాసుల్లో. ఒకటి లేత గడ్డి రంగు, ఇంకొకటి ముదురు బంగారం. ఏది మేలైనదని అడిగింది మేడమ్. ఉమామహేష్ గ్లాసును ముక్కు దాకా కూడా తీసుకెళ్లలేదు. ముదురుదాని మీద వేలు పెట్టేశాడు. బుచ్చయ్యపేటలో వాళ్ల నాన్న పెదబాబు బెల్లం వండుతాడు. తెల్లగా మెరిసే బెల్లంలో తెలుపు కోసం మందు కలుపుతారనీ, నల్లబెల్లమే నికార్సయినదనీ వింటూ పెరిగిన ఇల్లు అది. కానీ ఆ ముదురు గ్లాసులోది పాడైన వైను. కార్కు పక్కనుంచి గాలి చొరబడి, పదేళ్లు బతకాల్సింది నాలుగేళ్లకే ముసలిదైపోయింది. తోటివాళ్లు నవ్వారు. మేడమ్ నవ్వలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. సోమవారం ఇంకొక్కసారి, అదే ఆఖరు అంది. తప్పితే మళ్లీ పళ్లేలే. సాధన చేసుకోమని చిన్న సీసాలో నాలుగు గుక్కల మెర్సో పోసిచ్చింది.

ఆ సీసా ఇప్పుడు ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య ఉంది. మధ్యాహ్నం కాకముందే ఫ్లాస్కు తగిలించుకుని బండి మీద బుచ్చయ్యపేట దారి పట్టాడు. ఎందుకో తనకే తెలియదు. దారికి రెండు పక్కలా చెరుకు, ఏదో చెప్పబోయి మానేసినట్టు ఊగుతోంది.

పెదబాబు బెల్లం షెడ్డులో పెనం దగ్గర ఉన్నాడు. పొయ్యిలో చెరుకు పిప్పి మండుతోంది. పాకం మీద బుడగలు చిన్నవవుతున్నాయి.

"ఒరే మహేసూ, సెలవు రోజు పెళ్లాం దగ్గరుండక ఈ పొగలోకొచ్చేవేటిరా?"

ఉమామహేష్ సంగతంతా చెప్పాడు. రెండు గ్లాసుల ముచ్చట వచ్చేసరికి గొంతు తగ్గింది.

పెదబాబు గరిట ఆపాడు. "రంగు సూసి సెప్పీసేవా?"

"నువ్వే కదా నాన్నా, నల్లబెల్లమే మంచిదని..."

"మార్కెట్టోడు రంగు సూస్తాడని తిట్టేను గానీ, నన్నెప్పుడు సూసేవురా రంగు సూడగా? కళ్లలో శుక్లాలొచ్చి మూడేళ్లయింది. ఈ పొగలో రంగెక్కడ కనపడతాది నాకు?"

"మరి ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తాది?"

"ముక్కు. ముందు పచ్చిగడ్డి వాసన. తర్వాత మీగడ. తర్వాత ఏపిన సెనక్కాయ. అది దాటితే మాడు. దాటకుండా దించీయాల. ఏదీ, నీ సారా ఇటు పట్రా."

"సారా కాదు నాన్నా, వైను."

"ఆ ముక్క మీ అత్తోరికి సెప్పుకో."

సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి ముసలాయన మొహం చిట్లించాడు. "ఏటీ రాడం లేదు. సల్లటిదానికి వాసనేటొస్తాదిరా?" అని సీసాకు మూత బిగించి, పొయ్యికి దూరంగా, నీడలో నేల మీద పెట్టాడు.

ఉమామహేష్ తెల్లబోయాడు. ఈ ఉక్కకు హోటల్లో అందరూ చేసే పని అదే, బీరులాగా దీన్నీ వణికేంత చల్లబరిచి పోయడం. పాకం దించి, దిమ్మలకు పోసేదాకా షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తర్వాత మూత తీశాడు. ముందు నిమ్మతొక్క లేచింది. దాని వెనక వెన్న కాగుతోంది. ఇంకా లోపల, వేపిన వేరుశనగ పొట్టు. పుస్తకంలో హేజల్‌నట్ అని ఉండేది ఇదే కాబోలు. ఆ గింజను అతను జన్మలో తినలేదు.

పెదబాబు కూడా వాసన చూశాడు. "ఇది మంచిదేరా. దించాల్సినప్పుడే దించేరు."

సోమవారం మూడు గ్లాసులు. మూడూ ఒకే లేత రంగు. ఉమామహేష్ కళ్లు మూసుకుని, ఒక్కొక్క గ్లాసునూ అరచేతుల్లో పట్టుకుని, అది వేడెక్కేదాకా ఆగాడు. మొదటిది షాబ్లీ, రెండోది మెర్సో. ఇబ్బంది లేకుండా చెప్పాడు. మూడోది పులిన్యీ. మేడమ్‌కు ప్రాణమైన వైను, ఇదొక్కటే అతని ఎదుట సీసా తీసి పోసి, ఎలా ఉందో చెప్పమంది. ఎంతసేపటికీ దాని వాసన పైకి రాలేదు. చివరికి ఒక వాసన తల ఎత్తింది.

గ్లాసు దించాడు. మళ్లీ ఎత్తాడు. కిటికీ దాకా వెళ్లి వచ్చాడు.

"మహేష్, నిలబడి చెప్పు" అంది రేవతి మేడమ్.

"ఇది బాలేదు మేడమ్."

"లేబుల్ చూశావా?"

"చూశాను. అందుకే ఇంత ఆలస్యమైంది."

"ఏం వాసన?"

నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయింది. "వానకి తడిసి ముక్కిపోయిన గోనెసంచి మేడమ్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ తన గ్లాసు అందుకుంది. అతనిలాగే అరచేతుల మధ్య పట్టుకుని చాలాసేపు ఉంది. వాసన చూసింది. మళ్లీ చూసింది. లేచి వెళ్లి సీసా మొత్తం సింకులో ఒంపేసింది.

"కార్కు చెడగొట్టింది. చల్లగా ఉన్నప్పుడు చూసి నేనే బాగుందనుకున్నాను. ఈ పూట నుంచి నువ్వు పళ్లేలు ముట్టుకోకు. వైన్లు నీవి."

ఆవిడ అదే వైను ఇంకో సీసా తీసి, ఒక్క గ్లాసులోనే పోసి అతనికిచ్చింది. "ఇదెలా ఉంది?"

ఉమామహేష్ వంగి పీల్చాడు. ఏదో ఉంది. తెల్లటి పువ్వులా, ఉప్పుగాలిలా, రెండూ కానట్టుగా. అతనికి తెలిసిన ఏ మాటా దానికి సరిపోలేదు. మేడమ్ జవాబు కోసం చూస్తోంది. అతను ఒక చోట నిలవలేక, ఆ మాట వెతుక్కుంటూ గ్లాసు పట్టుకుని మళ్లీ కిటికీ వైపు నడిచాడు.