వెదురు గేటు అవతల సర్పంచమ్మ

మొన్న గురువారం ఆఫీసులో, కుళాయి రావడం లేదని వచ్చిన ఒకాయనతో నేను గట్టిగా వాదిస్తూ ఉండగా ఫోన్ మోగింది. అరకు లోయ లోపల నేను మొదట ఉద్యోగం చేసిన ఊరి నుంచి, అక్కడ అంగన్‌వాడీలో పనిచేసే అమ్మాయి. "మేడమ్, మన సర్పంచమ్మ పోనాది," అంది. పొద్దున్నే వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తూ, వాటి మీదికొచ్చిన కోళ్ళని తిడుతూ, తిట్టు మధ్యలోనే గోడకి ఒరిగిపోయిందట. ఫోన్ పెట్టేసి ఆ కుళాయి ఆయన ముందే ఏడ్చేశాను. పాపం, ఆయన కంగారుపడిపోయి, "పోన్లెండమ్మా, నీళ్ళు రేపొచ్చినా పర్లేదు," అన్నాడు.

ఆ మాట వింటే సర్పంచమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. అందుకే ఆవిడ గురించి బరువైన మాటలు రాయబుద్ధి కావడం లేదు. ఆవిడ ఉన్నచోట ఎవరూ ఎక్కువసేపు మొహం ముడుచుకుని కూర్చోగలిగేవారు కాదు. కూర్చుంటే ఆవిడ ఊరుకునేదీ కాదు.

నాది పాలకొండ దగ్గర ఊరు. సచివాలయాలు కొత్తగా పెట్టినప్పుడు పంచాయతీ కార్యదర్శిగా నన్ను ఆ కొండల్లో వేశారు. బస్సు దిగినచోటి నుంచి ఊరికి నడవాలని తెలిసేసరికి నాకు కోపం ముక్కు మీదికొచ్చింది. అప్పుడు ఎండా వానా లేని వేళ గొడుగు వేసుకుని, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చుట్ట బయటికి తీసి, "నువ్వేనేటి సెకట్రీ? చిన్న గుంటవే! తిన్నావా?" అంది. ఆఫీసు తాళం ఎవరి దగ్గరుందని అడిగాను. "ముందు తిను. తాళం యాడికీ పోదు," అని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళి సామల అన్నం, చిక్కుడు పిక్కల కూర పెట్టింది. రెండో ముద్దకి నా కోపం సగం దిగిపోయింది.

నిజానికి అప్పటికి ఆవిడ సర్పంచ్ కాదు. పదవీకాలం ఎప్పుడో అయిపోయింది. ఎన్నికలు జరగలేదు, కాగితాల మీద ప్రత్యేకాధికారి ఉన్నాడు, ఆయన కొండ ఎక్కడం అరుదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడైతే అసలే పట్టించుకోలేదు. "పదవి పోతే గవర్మెంటుకి పోద్ది, నాకేటి?" అనేది. మొగుడూ పెళ్ళాల తగువు నుంచి బోరు మరమ్మతు దాకా అన్నీ ఆవిడ వాకిట్లోకే వచ్చేవి. ఆవిడ ఫోన్‌లో మాట్లాడితే అవతలివాళ్ళకి ఫోన్ లేకపోయినా వినపడేది. ఎంత పెద్ద అధికారి వచ్చినా నువ్వనే అనేది, తిన్నావా అనే అడిగేది. ఎవరైనా తన ముందు రూలు అన్నారంటే, "రూలు ఎవులి కోసమేటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా వాళ్ళ మొహంలోకి చూస్తూ కూర్చునేది. ఫోటో అంటే మాత్రం, మొహానికి పౌడరు రాసుకోకుండా ఎవరినీ తీయనిచ్చేది కాదు.

లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, నేను ఊళ్ళోనే ఇరుక్కుపోయాను. ఎవరికి జ్వరం, ఎవరు ఊళ్ళోకొచ్చారు, బ్లీచింగ్ ఎక్కడ చల్లాం అని రోజూ పైకి చెప్పాలి. సిగ్నల్ కోసం ఊరి బయట బండరాయి ఎక్కాలి. నేను జారిపడతానని సర్పంచమ్మ కూడా ఎక్కేది. నిజంగా జారేది ఆవిడే, పట్టుకునేది నేను. ఆడవాళ్ళు పాత చీరలు కత్తిరించి మాస్కులు కుట్టారు. ఆవిడ మాస్కు పెట్టుకున్నాక చుట్ట ఎలా తాగాలో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి ఆ చుట్ట చెవి మీద ఎక్కింది, ఆవిడ చికాకు ఊరంతటి నెత్తినా ఎక్కింది.

ఊళ్ళోకి బయటివాళ్ళు రాకుండా చూడాలి. కుర్రాళ్ళు ఉత్సాహంగా కొమ్మలు నరికి దారికి అడ్డం వేశారు. రెండురోజులు గట్టిగా కాపలా కాశారు. తరవాత అక్కడే పేకాట మొదలైంది. కిందనుంచి ఉల్లిపాయల బండివాడు వస్తే వీళ్ళే కొమ్మలు జరిపి లోపలికి పంపించి మళ్ళీ ఆటలో కూర్చున్నారు. నేను అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఆవిడ మాత్రం, "పండగ నెల వచ్చీసినాది కదా, నీకెందుకు బెంగ?" అంది.

చైత్రంలో ఆ కొండల్లో ఇటుకల పండగ చేస్తారు. విత్తనాలు దేవతకి చూపించాక మగవాళ్ళు వేటకని అడవికి వెళ్తారు. ఇప్పుడు వేట పేరుకే అనుకోండి. ఆ రోజుల్లో ఊరు ఆడవాళ్ళది. దారికి అడ్డంగా వెదురు కర్ర కట్టి, వచ్చే పోయే బండినల్లా ఆపి, పాటలు పాడి పజోరు అడుగుతారు. పజోరంటే పండగ మామూలు. అది ఇవ్వకుండా ఆ వెదురు దాటినవాడు లేడు, ఎంత పెద్దవాడైనా సరే. వేట నుంచి ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు కూడా పోస్తారు. సర్పంచమ్మ కొమ్మలు తీయించి, ఆ వెదురే కట్టించింది. "ఈ ఏడు పజోరు వద్దు. సేతులు కడగమనండి. పేడనీళ్ళు కూడా వద్దు, సబ్బునీళ్ళు పొయ్యండి," అని చెప్పింది.

ఇక చూడాలి! బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ ఆ వెదురు గేటుకి పెద్ద. ఆమె కళ్ళెర్రజేస్తే పేకాట కుర్రాళ్ళు పేకముక్కల్ని కూడా సబ్బుతో కడిగారు. మండలాఫీసు జీపు కింద రోడ్డు మీద దింపిన బ్లీచింగ్ మూటతో వస్తున్న నన్ను కూడా ఆపేశారు. సబ్బు రుద్దించారు. పజోరు బదులు పాట పాడమన్నారు. నాకొచ్చిన జోలపాట ఒక్కటే. నడిరోడ్డు మీద మూట నెత్తిన పెట్టుకుని అదే పాడాను. గేటు దగ్గర ఆడవాళ్ళందరూ నిద్రపోయినట్టు తలలు వాల్చేశారు.

ఇలా నవ్వుకుంటున్న రోజుల్లోనే ఒక మిట్టమధ్యాహ్నం కింద మలుపులో ఐదుగురు కనపడ్డారు. ఊరి పిల్లలే. కోస్తాలో రొయ్యల కంపెనీలో పనికి వెళ్ళినవాళ్ళు. పని ఆగిపోయి, బండి దొరక్క, ఘాటీ అంతా నడిచి వచ్చారు. అందులో ఒక్కతే ఆడపిల్ల, గేటుకి పెద్దగా ఉన్న వంటావిడ కూతురు. మొన్న నాకు ఫోన్ చేసింది ఆ అమ్మాయే. కాళ్ళు వాచిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. తల్లిని చూడగానే వెదురు మీద చెయ్యి వేసింది. తల్లి నోట్లోంచి, "ఆగు. దాటకు," అనే వచ్చింది. అని, తన నోరు తనే మూసుకుంది.

ఊరు పోగయింది. అలా వచ్చినవాళ్ళని బడిలో రెండు వారాలు విడిగా ఉంచాలని నేను ఆర్డరు చదివాను. బడి ఊరి నడుమ ఉంది. ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఆళ్ళని కిందకి తోలెయ్యండి," అన్నాడొకడు. "మా ఇంట్లో పసిగుంట ఉన్నాది, మాకేటన్నా అయితే ఎవులు పూసీ?" అంది ఇంకొకామె. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, భయపడ్డారు. నేనూ భయపడ్డాను. మండలంలో క్వారంటైన్ కేంద్రం నిండిపోయిందనీ, బండి రేపో ఎల్లుండో అనీ ఫోన్‌లో చెప్పారు. ఆ పిల్లలకి ఇంకొక్క మైలు నడిచే ఓపిక లేదు.

సర్పంచమ్మ అంతా విన్నది. గొడుగు ముడిచింది, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపింది, వంగి వెదురు కిందనుంచి అవతలికి దూరింది. "అమ్మో" అని ఊరంతా ఒక్కసారి అరిచింది. ఆవిడ వెళ్ళి రోడ్డు మీద ఆ పిల్ల పక్కన చతికిలబడి, వాచిన కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు నాను కూడా బయటిదాన్నే," అంది తాపీగా. "నాకు బడి తీస్తారేటి, ఈ రోడ్డు మీదే తొంగోమంటారేటి? తొంగోమంటే తొంగుంటాను. నా గురక మీరు భరించలేరు గాని."

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఇంకెవరో. ఆవిడ గురక సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ నవ్వులోనే భయం కొంచెం పక్కకి జరిగింది. బడి తాళం గేటు పెద్ద కొంగున ఉంది. ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరి వైపూ చూడలేదు. కొంగు ముడి విప్పుతూ పరుగులాంటి నడకతో వెళ్ళి బడి తలుపులు తీసి, చాపలు పరిచి, కుండతో నీళ్ళు పెట్టి, దూరంగా వచ్చి నిలబడింది. ఆరుగురూ లోపలికి వెళ్ళారు.

ఆ రెండు వారాలు పంచాయతీ బడి కిటికీలోంచి నడిచింది. ఆవిడ గొడుగు ఊచల మధ్యలోంచి బయటికి పొడిచి, ఎవరు ఏ పని చెయ్యాలో దాంతోనే చూపించేది. జనం పనస చెట్ల కింద దూరదూరంగా కూర్చునేవారు. నేను మధ్యలో నిలబడి రెండు పక్కలా చివాట్లు తినేదాన్ని. లోపల ఆ పిల్లలకి రోజూ కథలు చెప్పేదట, అన్నిట్లోనూ ఆవిడే గెలిచేదట.

మూడోరోజుకే ఆవిడకి విసుగొచ్చింది. పండగ పూట బయటికి రావాలని, "నాకేటీ నేదు, బేగి ఒగ్గెయ్యండే," అని గుమ్మం దాకా వచ్చింది. గేటు ఆడవాళ్ళు వెదురు కర్ర తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టేశారు. "రూలు ఎవులి కోసమేటి?" అని వీళ్ళే అడిగారు ఆవిడని. ఆవిడ వెనక్కి తిరిగి మళ్ళీ చాప మీదికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర నాతో, "సూసినావా నా గుంటల్ని! నన్నే ఆపీసినారు," అని ఎంత మురిసిపోయిందో. ఆవిడని ఆపినందుకు బదులుగా వాళ్ళు పండగ థింసా నాట్యాన్ని బడి ముందుకి తెచ్చారు. చేతులు కలపకూడదు కదా, తువ్వాళ్ళ కొసలు పట్టుకుని ఒకరికొకరు ఎడంగా ఆడారు. ఆవిడ లోపలినుంచి, "అడుగు తప్పుతన్నారే! తువ్వాలు కాదు, నడుం ఆడాల!" అని అరుస్తూనే ఉంది.

ఆ సందడిలో ఒక మనిషి మాత్రం ఆడలేదు. గేటు పెద్ద పూటపూటా అన్నం తెచ్చి గుమ్మం మీద పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్ళి కూర్చునేది. కూతురు వచ్చి తీసుకుని తినేదాకా చూసేది. పిల్ల ఒకసారి దగ్గినప్పుడు ఈమె మొహం నేను చూశాను. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళలేదు, పనస చెట్టు కిందే ఉండిపోయింది. దగ్గు సర్పంచమ్మ చుట్ట పొగకే వచ్చిందని మర్నాడు తేలింది.

చివరికి గడువు తీరిన రోజు నర్సమ్మ వచ్చి ఆరుగురినీ చూసి, ఎవరికీ ఏమీ లేదంది. ఊరంతా బడి ముందే ఉంది. తలుపు తీశారు. ముందుగా ఆ పిల్ల వచ్చింది. తల్లి అలవాటుగా రెండడుగులు వెనక్కి వేసింది. తరవాత గుర్తొచ్చినట్టు ఒక్క ఉదుటున వెళ్ళి కూతుర్ని రెండు చేతులా చుట్టేసింది. ఇద్దరూ కింద కూలబడిపోయారు. మిగతా పిల్లల వాళ్ళూ అంతే. ఎవరి పిల్లల్ని వాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, తలలు నిమురుతున్నారు. చూస్తున్నవాళ్ళకి కళ్ళు తుడుచుకోవడమే సరిపోయింది.

ఆఖరున సర్పంచమ్మ వచ్చింది. మొహానికి పౌడరు కూడా రాసుకుంది. ఆవిడ వైపు ఎవరూ చూడలేదు. కాసేపు గుమ్మంలో నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది. గొడుగు గోడకి ఆనించింది. మాస్కు గడ్డం కిందికి లాగి, రెండు చేతులూ బార్లా చాపి, కొండ అవతలికి వినపడేలా అరిచింది.

"నన్నెవులూ పట్టుకోరేటే?"

ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఆవిడ మీదికి పరుగెత్తారు. అందరికంటే ముందు చేరింది నేనే.