కొండచీపురుతో దులిపిన పెట్టె

మా ఇంట్లో పాడవకూడదనుకున్న ప్రతి వస్తువూ పొయ్యి మీది వెదురు అటకకే చేరుతుంది. చోడి అనే రాగి విత్తనాలు, మొక్కజొన్న కండెలు, ఎండిన మిరియాలు అన్నీ అక్కడే. వానాకాలంలో మా కొండల మీద గోడలు కూడా చెమ్మ కారుతుంటాయి. పొగ తగిలే చోట చెమ్మ నిలవదు, పురుగు చేరదు. అందుకే మా కూతురు కొనిచ్చిన గేమ్ పెట్టెను కూడా మా ఆయన గోనెపట్టా పరిచి అటక మీదే పెట్టేవాడు. ఆట అయిపోగానే వైర్లు ఊడదీసి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా పైకి ఎక్కించేవాడు. చూసి నాకు ముచ్చటేసేది.

ఆ పెట్టె మా ఇంటికి ఆట కోసం రాలేదు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకిస్తాం. మిరియాలు కోస్తూ మా ఆయన నిచ్చెన మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ వేళ్లు ముడవడం మానేశాయి. బుట్టలు అల్లే చెయ్యి అది. మా కూతురు విశాఖపట్నం ఆసుపత్రిలో ఇలాంటివాళ్లచేత కాళ్లూ చేతులూ కదిలింపజేసే పని చేస్తుంది. నొక్కమని రబ్బరు బంతి ఇస్తే ఆయన దాన్ని మేకపిల్ల ముందుకు దొర్లించాడు. అప్పుడు తనతో పనిచేసేవాళ్లు వాడి అమ్ముతున్న గేమ్ పెట్టెను కొని తెచ్చి మా టీవీకి తగిలించింది. రిమోటు రెండు చేతులతో పట్టుకుని, మీటలు నొక్కుతూ కారు నడపాలి. సైకిలు కూడా రాని మనిషి కార్ల పందెంలో దిగాడు. తనకు తెలియకుండానే వేళ్లు ముడవడం మొదలుపెట్టాడు.

వానలు తగ్గుముఖం పట్టాక పెట్టె బియ్యం మిల్లులా రొద చేయసాగింది. తాకితే చెయ్యి కాలేది. కాసేపటికి తనంతట తానే ఆగిపోయేది. ఒక రోజు అసలు కాసేపు కూడా నిలవలేదు. మా ఆయన రిమోటు కింద పెట్టి, కుడి చేతిని దుప్పట్లో దాచుకున్నాడు.

"మన గుంట కొన్నదాన్ని నాశనం సేసీసినాను. నాకింకొద్దు" అన్నాడు.

ఎదురింట్లో ఉండే మా వదిన, ఆయనకు అక్క, గుమ్మంలోంచే అందుకుంది. "ఏరా తమ్ముడా, రోజూ గోడలకు గుద్దీసినావు కదా, కారు రిపేరుకొచ్చింటాది!"

ఇంకో రోజైతే ఆయన నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. తర్వాత రోజుల్లో కూడా చెయ్యి దుప్పట్లోంచి తీయలేదు. ముడుచుకుంటున్న వేళ్లు మళ్లీ కొయ్యబారిపోతాయేమోనని నాకు అన్నం సహించలేదు.

మా ఇంటి దగ్గర ఫోను అందదు. నీళ్ల ట్యాంకు గుట్ట ఎక్కి కూతురికి ఫోన్ చేశాను. అంతా విని అడిగింది.

"అమ్మా, ఆడిన తర్వాత ఆ పెట్టెని ఎక్కడెడతన్నారు?"

"అటక మీద."

"ఏ అటక?"

"మనకెన్ని అటకలున్నాయే? పొయ్యి మీదదే."

అవతల పగలబడి నవ్వింది. "ఓలమ్మో! దానికీ పొగెట్టీసినారా?"

ఆ పెట్టె ఫ్యానుతో ఒక పక్క గాలి పీల్చి, లోపలి వేడిని ఇంకో పక్కకు తోస్తుందట. పొగ మసి ఆ దారులను మూసేసి ఉంటుందని చెప్పింది. "నాన్నేటీ పాడు సెయ్యలేదు, శుభ్రం సేత్తే సాలు. ఇంటికాడ ఫోనందదు కదా, ఎలా సెయ్యాలో రాసి పంపుతాను. సదువుకుంటావా?"

"పంపు" అన్నాను. ఆ ఒక్క మాట అనగలిగినందుకు నాకెంత గర్వంగా అనిపించిందో!

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనం దరిదాపుల్లోనే. నేర్పింది మా వదినే. అంగన్వాడీలో పిల్లలకు నేర్పి వచ్చి, కళ్లంలో ఆరబోసిన కాఫీ గింజల మీద వేలితో గీతలు గీసి, వాటి మీద నా వేలు పెట్టించేది. గింజలు తిరగేసిన ప్రతిసారీ అక్షరాలు చెరిగిపోయేవి. మళ్లీ రాయించేది. బుర్ర తక్కువదాన్నని వెక్కిరించేది, కానీ ఏనాడూ విసుక్కోలేదు.

మరలు తిప్పే సామాను కూతురు బస్సులో పంపింది. ఎండ బాగా ఉన్న పూట అరుగు మీద చాప పరిచి పెట్టెను దించాను. గుట్ట ఎక్కి ఫోనులోకి తెచ్చుకున్న కూతురి సందేశం ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివాను. మొదట కరెంటు వైరు తీసెయ్యాలి. అది తీసే ఉంది. పూర్తిగా చల్లారి ఉండాలి. మరలు తీసినవి తీసినట్టు గిన్నెలో వెయ్యాలి. మూత పైకి లాగితే రాదు, పక్కకు జరపాలి.

మూత జరిగింది. లోపల మసిపట్టిన మా వంటింటి గోడే కనిపించింది! ఫ్యాను రెక్కల మీద నల్లటి జిడ్డు దుమ్ము. దాని వెనక దువ్వెన పళ్లలాంటి పల్చటి రేకుల మధ్య సందన్నదే లేదు.

చేటతో చెరిగే అలవాటు కొద్దీ ఊదబోయాను. సందేశంలో తర్వాతి మాట అదే: నోటితో ఊదకు, తడి పడుతుంది, మెత్తటి బ్రష్షుతో దులుపు. బ్రష్షు మా ఇంట్లో ఎక్కడిది? మేం కోసి సంతలో అమ్మే కొండచీపురు మాత్రం ఉంది. కొత్తదాంట్లోంచి ఒక కుచ్చు తీశాను. కొత్త చీపురు నూగు రాలుస్తుంది కాబట్టి ముందు రాతి మీద బాగా కొట్టి, దులిపి, మొదలు దారంతో బిగించాను.

తర్వాత "దులిపేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపు" అని ఉంది. నాకు ఒక చేతిలో చీపురు, లోపలి చీకటి సందులు చూడటానికి ఒక చేతిలో టార్చి.

"మావా, ఓ ఏలు ఇక్కడెట్టు" అన్నాను.

ఆయన నా కుడి పక్క కూర్చున్నాడు. ఎడమ చెయ్యి చాపితే నా టార్చి వెలుగుకు అడ్డం వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుని, దుప్పట్లోంచి కుడి చెయ్యి తీశాడు. చూపుడు వేలు మెల్లగా వచ్చి రెక్క మీద ఆనింది.

"గట్టిగా నొక్కకు, ఇరిగిపోద్ది."

"నొక్కడానికి బలమెక్కడేడిసిందే?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. అలా వేలు ఆనించి ఒక్కో రెక్కా జరుపుతుంటే నేను దులుపుతూ పోయాను. రేకుల సందుల్లోంచి మసి పెళ్లలు పెళ్లలుగా రాలింది. రేకుల కింద వేడి పీల్చే పూత ఒకటి ఉంటుందట. దాని జోలికి వెళ్లొద్దని, సెలవుకి వచ్చినప్పుడు తనే మారుస్తానని కూతురు రాసింది. నేను వెళ్లలేదు.

మూత వేసి, మరలు బిగించి, టీవీకి తగిలించాక మీట నొక్కమని ఆయనకే ఇచ్చాను. ఫ్యాను తిరిగింది. చెవి దగ్గర పెడితే గానీ వినపడనంత మెల్లగా. కారు బయల్దేరి, మొదటి మలుపులోనే గోడకు గుద్దుకుంది.

"రిపేరైనా డైవరు మారలేదే!" అని గుమ్మంలోంచి అరిచింది వదిన. ఈసారి ఆయన కూడా నవ్వాడు. అన్నానికి పిలిచినా రిమోటు వదల్లేదు.

పెట్టెను ఇక ఎక్కడ పెట్టాలన్నది ఆయనే తేల్చాడు. పొయ్యికి దూరంగా, టీవీ పక్కన, కింద గాలి ఆడేలా ఉండాలని కూతురు చెప్పిందని, పెట్టెకు పీట అల్లడానికి వెదురు చీల్చమన్నాడు. చీల్చడం నా వంతు, అల్లడం ఆయన వంతు. వేళ్లకు బిగించేంత పట్టు ఇంకా రాలేదు. అందుకని అల్లిక వదులుగా, ఒక పక్క వాలుగా వచ్చింది. సంతకు తీసుకెళ్తే ఎవరూ కొనరు. పెట్టెను మాత్రం దాని మీదే పెట్టాం. ఆ పెద్ద పెద్ద సందుల్లోంచి గాలి బాగా ఆడుతోంది.

సంతకు వెళ్లని వారాల్లో కొండచీపురు కుచ్చుతో పైపైన దులుపుతుంటాను. ఆయన పక్కన కూర్చుని రెండో పీట అల్లుతుంటాడు. అది మొదటిదానికంటే కాస్త బిగువుగా వస్తోంది.